పుర్రచెయ్యి బిడ్డకు అక్షరాభ్యాసం ఏ చేత్తో చేయించాలి?

కొర్లగుంట_కుట్టుమిషన్
2026 జనవరి 11

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా అబ్బోడికి మూడు నిండి నాలుగు నెలలు. ఈ నెల 23, శుక్రవారం వసంత పంచమి కదా, ఆ రోజు వాడికి అక్షరాభ్యాసం పెట్టుకుందామని ఉంది. దసరాకే చేయాల్సింది, మా చిన్నమామ పోయి అంటు వచ్చింది, ఆగిపోయింది.

గుడికి పోవాలా ఇంట్లోనే చేసుకోవాలా అనేది ఇంకా తేలలేదు గానీ నా అసలు సందేహం అది కాదు. వాడిది పుర్రచెయ్యి. స్పూను పట్టినా, బంతి విసిరినా, గోడ మీద క్రేయాన్‌తో గీకినా ఎడమచెయ్యే. బీరువా పక్క గోడ మీద కింద నుంచి రెండడుగుల ఎత్తు దాకా వాడి రాతలే ఉండాయి. మా అత్త పక్కనే కూర్చోని, నేను చూడలేదనుకోని, క్రేయాన్ తీసి వాడి కుడిచేతిలో పెడుతుంది. వాడు ఏడవడు, గొడవ చేయడు. ఒకసారి అవ్వ మొహం చూసి మళ్ళీ ఎడమచేతికి మార్చుకుంటాడు. ఇద్దరూ అట్లా ఐదారుసార్లు ఆడతారు.

ఇప్పుడు అత్త మాట ఏమంటే, "మామూలు రోజుల్లో వాడు ఏ చేత్తోనన్నా గీక్కోనీ, సరస్వతి ముందర మాత్రం కుడిచెయ్యే. ఆ రోజు కుడిచేత్తో దిద్దిస్తే తర్వాత అదే అలవాటవుతుంది." ప్లేస్కూల్ మిస్ కూడా "ఇప్పుడే మార్పించండి మేడమ్, పెద్దయితే కష్టం" అనింది. మా ఆయన ఎప్పటిలాగే "మీరిద్దరూ తేల్చుకోండి" అని బండేసుకోని పోయినాడు.

నాకు ఇది చిన్న విషయం కాదు. నాదీ ఎడమచెయ్యే. రెండో తరగతిలో టీచరు స్కేలు నిలబెట్టి వేళ్ళ కణుపుల మీద కొట్టేది. మూడో తరగతికల్లా కుడిచేత్తో రాయడం వచ్చేసింది. ఇప్పుడు సంతకం కుడిచేత్తో పెడతా, కత్తెర ఎడమచేత్తో పడతా. అంగట్లో దొరికే కత్తెరలు కుడిచేతోళ్ళ కోసం చేసినవి. ఎడమచేత్తో పడితే గుడ్డ తెగదు, కత్తెర నోట్లో మడత పడి నలుగుతుంది. బొటనవేలిని లోపలికి గుంజి పట్టి కోయడం నేర్చుకున్నా. ఆ వేలి పక్కన కాయ కాసి ఉంది, చిక్కుడుగింజంత.

శాస్త్రంలో దీని గురించి ఏమన్నా ఉందా? మీ ఇళ్ళల్లో ఇట్లాంటి బిడ్డలకు ఎట్లా చేయించినారు? తెలిసినవాళ్ళు చెప్పండి.


నగరి_మగ్గం
జనవరి 11

అక్కా, మాది నగరి. ఇంట్లో సగం తమిళం సగం తెలుగు, పండగలు కూడా అట్లే కలిసిపోయినాయి. వసంత పంచమి అని మీరు చెప్తే క్యాలెండర్ తీసి చూసినా, నిజం. మాకు సరస్వతి పూజంటే దసరాల్లోనే. మహానవమి రోజు పీట మీద పుస్తకాలన్నీ పేర్చి గంధం, కుంకుమ పెడతారు. మగ్గానికీ, కత్తెరకీ, స్కూటర్‌కీ అదే రోజు బొట్టు. పుస్తకం ముట్టుకోకూడదు, చదవకూడదు. మా తమ్ముడు ఏడాదంతా కాచుకోనుండేది ఆ ఒక్క రోజు కోసమే, లెక్కల పుస్తకాన్ని అందరికంటే ముందు తెచ్చి పీట మీద పెట్టేవాడు. మర్నాడు విజయదశమికి తీసి ఒక పేజీ గట్టిగా చదివితే అయిపాయె.

చిన్నబిడ్డలకు ఆ విజయదశమి రోజే పళ్ళెంలో బియ్యం పోసి రాయిస్తారు. మా పెద్దత్త అయితే మీలాగా ఓనమాలు కాదు, "అరి నమోత్తు సిద్ధం" అని తమిళంలో పలికిస్తా రాయిస్తుంది. మా పాపకు బంగారు ఉంగరాన్ని తేనెలో ముంచి నాలుక మీద కూడా రాసినారు. కేరళ వైపు ఇది పెద్ద ఆచారమంట. నాలుక మీద రాసేటప్పుడు కుడా ఎడమా అనే తగాదా లేదు చూడండి, మీ అత్తకు ఆ ఉపాయం చెప్పండి.

గుడికే పోవాలనుకుంటే మాకు దగ్గర్లో రెండుండాయి. సురుటుపల్లిలో దక్షిణామూర్తి అమ్మవారితో కలిసి కూర్చోనుంటాడు, ఇంకెక్కడా అట్లా చూడలేదు నేను. నాగలాపురంలో వేదనారాయణస్వామి. సోమకాసురుడు ఎత్తుకపోయిన వేదాలను చేప రూపంలో పోయి తెచ్చినోడు. చదువుకు అంతకంటే ఏం కావాల?


బెంగళూరు_వారాంతం
జనవరి 12

ప్లేస్కూల్లో వేసి ఏ బీ సీ డీలు నేర్పించేసినాక ఇంక అక్షరాభ్యాసం ఏంది మేడమ్? పెళ్ళయి పిల్లలు పుట్టినాక తాంబూలాలు మార్చుకున్నట్టుంది.


కొర్లగుంట_కుట్టుమిషన్
జనవరి 12

ప్లేస్కూల్లో వేసింది చదువుకు కాదన్నా, పెళ్ళిళ్ళ సీజన్లో పొద్దున మూడు గంటలన్నా మిషన్ ముందు కూర్చోవాలి కదా. వాడికి అక్షరాలేమీ రావు. తొమ్మిదిని తిరగేసి రాసి ఏనుగు అంటాడు.


బాహుదా_ఒడ్డు
జనవరి 12

అమ్మా, నేను చిత్తూరు దగ్గర పల్లెల్లో ముప్పై నాలుగేళ్ళు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టి చదవండి.

ముందు ఓనమాల సంగతి. "ఓం నమః శివాయ సిద్ధం నమః". దీంట్లో ఒక్కో అక్షరం విడగొట్టి ఓ, న, మ, శి, వా, య అని దిద్దబెట్టేవారు. అందుకే వాటిని ఓనమాలు అన్నారు. చివర ఉన్న "సిద్ధం నమః" జైనుల కాలం నుంచి మిగిలిందని పెద్దలు చెప్తారు. నగరి అమ్మాయి రాసిన తమిళ మాటలో కూడా ఆ "సిద్ధం" ఉంది, గమనించారా? 1911లో చిత్తూరు జిల్లా పుట్టేదాకా మన వైపు చాలా తాలూకాలు ఉత్తర ఆర్కాటు కిందే ఉండేవి. ఒకే వీధిలో ఒక ఇంట్లో ఓనమాలు, పక్కింట్లో అరినమోత్తు వినిపించడం మా నాయన చిన్నప్పుడు మామూలే.

ఇప్పుడు బియ్యంలో రాయిస్తున్నాం గానీ వీధిబడిలో ఇసుకే. నేల మీద ఇసుక పరిచి, అయ్యవారు బిడ్డ వెనక కూర్చోని, వాడి చూపుడువేలు పట్టుకోని దిద్దించేవారు. రాసేది బిడ్డ కాదు, పెద్దవాడి చెయ్యి. బిడ్డ చెయ్యి ఆ చేతి కింద ఊరికే పోతుంటుంది, అంతే. ఇసుకలో పట్టుబడ్డాకే పలక. మార్కాపురం రాతిపలక, చుట్టూ కొయ్య చట్రం. నల్లగా ఉండాలని కోవాకు, బొగ్గు కలిపి రుద్దేవాళ్ళం. ఇప్పుడు అంగట్లో అడిగితే అట్ట పలకో ప్లాస్టిక్ పలకో ఇస్తారు, బలపం గీస్తే రాత పడదు, జారుతుంది. దొరికితే రాతిదే కొనండి.

వయసు విషయంలో మీ అత్తగారు ఏమీ అనలేదు కాబట్టి సరే. మూడో ఏడా ఐదో ఏడా, నిండినదా నడుస్తున్నదా అని తర్కం మొదలైతే పంచమి కాస్తా దాటిపోతుంది.

ఇక చెయ్యి. ఇది రాయడానికి నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది. మీ రెండో తరగతి టీచరు చేసిన పని నేనూ చేశాను. స్కేలుతో కాదు, ఎడమచేతిని నడుము వెనక్కి పెట్టుకోమనేవాణ్ణి. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. ఒక పిల్లవాడు అట్లా చెయ్యి వెనక పెట్టుకునే కుడిచేత్తో రాయడం నేర్చాడు. నేర్చాడు గానీ "శివ" అని పలకడానికి "శ... శ..." అని ఆగిపోయేవాడు. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. వాడు ఇప్పుడు లారీ నడుపుతున్నాడు. కనిపిస్తే నవ్వుతూ పలకరిస్తాడు. నేను మాత్రం వాడు స్టీరింగు ఏ చేత్తో పట్టుకున్నాడో చూస్తాను.

మా కాణిపాకం ఏటికి బాహుదా అనే పేరు ఎందుకొచ్చిందో మీకు తెలిసే ఉంటుంది. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. తమ్ముడు ఆకలికి ఆగలేక అడక్కుండా మామిడిపండు కోసుకున్నాడు. రాజు చేతులు నరికించాడు. ఏట్లో మునిగి లేచేసరికి చేతులు మళ్ళీ వచ్చాయి. బాహువులు ఇచ్చింది గనక బాహుదా. చేతులు పోయినవాడి పేరు చూడండి, లిఖితుడు. ఏరు వాడికి రెండు చేతులూ ఇచ్చింది, కుడిదొక్కటే కాదు. మీ అత్తగారికి ఈ కథ చెప్పండి, వాదన మాత్రం పెట్టుకోకండి. తిరుపతి నుంచి కాణిపాకం డెబ్బై కిలోమీటర్లు. అక్కడ వినాయకుడి ముందు పిల్లలకు పలక పట్టిస్తారు, చాలామంది వస్తుంటారు. మీరు ఇంట్లోనే చేసుకున్నా ఏమీ లోటు లేదు.


అమ్మమ్మ_బెల్లం
జనవరి 13

మేము మా పెద్దదానికి బాసర పోయి చేయించినాము. తిరుపతిలో రాయలసీమ ఎక్స్‌ప్రెస్ ఎక్కి నిజామాబాదులో దిగి, ఆడ నుంచి బస్సు. గోదావరి ఒడ్డున గుడి. వ్యాసులవారు ఏట్లో స్నానం చేసి పిడికెడు పిడికెడు ఇసుక తెచ్చి మూడు చోట్ల పోస్తే ముగ్గురమ్మలయినారని స్థలపురాణం. అమ్మవారికి పసుపు ముద్ద అలంకారం, ఆ పసుపు రవ్వంత నోట్లో పెడితే బిడ్డలకు మాట బాగా వస్తుందని నమ్మకం. అంతా బాగుంది. మాది మాత్రం సరిగ్గా పలక చేతికిచ్చే టయానికి నా భుజం మీద నిద్రపోయింది. రాత్రంతా రైల్లో కిటికీ దగ్గర కూర్చుంటానని మారాం చేసింది లెండి. నిద్రలోనే చెయ్యి పట్టుకోని రాయించినాము. అది ఇప్పుడు ఎంకామ్ చేస్తా ఉంది.

పుర్రచెయ్యి గురించి నాకు తెలీదు. బిడ్డ నిద్రపోకుండా చూసుకోండి, అదే ముఖ్యం.


పంచాంగం_మామ
జనవరి 14

అమ్మాయీ, ఇట్లాంటి శుభకార్యాలు చేయించడమే నా వృత్తి. సూటిగా చెప్తాను.

23న పగలంతా పంచమే. ఆ రోజుకు వేరే ముహూర్తం వెతకనక్కర్లేదు గానీ శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు, దానికి ముందే కానిచ్చేయండి. పసుపు వినాయకుడు, సరస్వతి పటం, తెల్లపూలు, పలక, బలపం, ఒక పుస్తకం, వెడల్పు పళ్ళెంలో కొత్తబియ్యం. నైవేద్యానికి పరమాన్నం. బిడ్డకు తెల్లదో పసుపుదో కొత్త గుడ్డ, అది మీకు చెప్పక్కర్లేదు. తండ్రి ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. "సరస్వతీ నమస్తుభ్యం" శ్లోకం చెప్పించి, బియ్యంలో ఓనమాలు మూడుమార్లు దిద్దించాలి. తర్వాత పలక మీద. చివర్లో నలుగురు పిల్లలకు పలకా బలపం, బొరుగులు, పప్పులు, బెల్లం పంచండి.

అక్షింతలు వేయడం, దక్షిణ ఇవ్వడం, ప్రసాదం తీసుకోవడం కుడిచేత్తోనే. అందులో మార్పు లేదు. రాతకు కుడిచెయ్యే ఉండాలని నేనెవరికీ చెప్పను. అక్షింతలకు ఒక చెయ్యి, అక్షరానికి ఒక చెయ్యి అయితే నష్టమేమిటి? పెద్దావిడ ఒప్పుకోకపోతే, మూడుమార్లలో మొదటిది ఆమె చెప్పిన చేత్తో కానిచ్చి మిగతా రెండూ బిడ్డ ఇష్టానికి వదలండి. ఇళ్ళల్లో ఇట్లాంటి సర్దుబాట్లు చేయకుండా నేను నలభై ఏళ్ళు ఈ పని చేయలేదు.


కొర్లగుంట_కుట్టుమిషన్
జనవరి 25

అందరికీ థాంక్స్. అయిపోయింది. ఏం జరిగిందో చెప్పాలి కదా.

ఇంట్లోనే చేసినాము. రాతిపలక కోసం గాంధీ రోడ్డంతా తిరిగినా. ఒక పాత అంగట్లో పైన అటక మీద నుంచి దుమ్ము దులిపి ఒకే ఒకటి తీసిచ్చినాడు, మూల కొంచెం పగిలింది. పంచేదానికి మాత్రం ప్లాస్టిక్‌వే పన్నెండు తెచ్చినాము.

బాహుదా సార్, మీ లిఖితుడి కథ అత్తకు చెప్పినా. అంతా విని "అడక్కుండా కోసినాడు గాబట్టి నరికించినారు" అనింది. అంతే. కథలో ఆమెకు కనపడింది అది. సరే, పంచాంగం మామ చెప్పిన సర్దుబాటే చేద్దామనుకున్నాం. మొదటిది కుడి, తర్వాత వాడి ఇష్టం.

శుక్రవారం తొమ్మిదికి సామి వచ్చినారు. మొదటిసారి మా ఆయన వాడిని ఒళ్ళో పెట్టుకోని కుడిచెయ్యి పట్టి రాయించినాడు. వాడు చెయ్యి ఇచ్చేసి ఫ్యాను వైపు చూస్తా కూర్చున్నాడు. ఓనమాలు ముత్యాల్లాగా వచ్చినాయి, వాడికి సంబంధం లేకుండా.

సామి పళ్ళెం కదిపి బియ్యం చదును చేసి, "ఇప్పుడు ఎడమచెయ్యి పట్టుకోండి" అన్నారు. ఇక్కడొచ్చింది తంటా. మా ఆయనది కుడిచేతి వాటం. వాడి ఎడమచేతిని తన కుడిచేత్తో పట్టుకుంటే మోచెయ్యి బిడ్డ మొహానికి అడ్డం వస్తుంది. తన ఎడమచేత్తో పట్టుకుంటే ఈయనకు అక్షరం రాదు. ఓ అని మొదలుపెట్టింది ఎండ్రకాయ మాదిరి వచ్చింది. సామి కూడా ఒకసారి ప్రయత్నం చేసి నవ్వేసినారు. "ఈ ఇంట్లో ఎడమచేతి వాటం ఎవరికుందమ్మా?" అని అడిగినారు.

నేను వంటింట్లో పరమాన్నం కలబెడతా ఉండా. అత్త గొంతు వినిపించింది. "ఇంకెవరికి, మా కోడలికే."

చెయ్యి కడుక్కోని పోయి వాడిని ఒళ్ళో పెట్టుకున్నా. వాడి ఎడమచెయ్యి మీద నా ఎడమచెయ్యి. ఆ చేత్తో జాకెట్లు వేలల్లో కత్తిరించి ఉంటా. అక్షరం రాసి ఇరవై ఏడేళ్ళు. ఓ ఎటు నుంచి తిప్పాలో చేతికి తెలీలేదు. వాడి వేలు కింద, నా వేలు పైన, ఇద్దరం వెతుక్కుంటా పోయినాం. న వంకర. మ పెద్దదైపోయింది. శి దగ్గర పైనున్న గుడి వెయ్యబోతే అది పక్క అక్షరం మీద పడింది. వా, య అయ్యేసరికి వాడు ఫ్యాను చూడడం మానేసి పళ్ళెంలోకి వంగినాడు. గోరు సందులో పసుపు, రెండు గింజలు వేలికి అంటుకున్నాయి. వాడు ఆగి, వేలు నోట్లో పెట్టుకోని గింజలు తినేసి, మళ్ళీ బియ్యంలో పెట్టినాడు. సామి కళ్ళు మూసుకోని శ్లోకం చదువుతా ఉండారు, చూడలేదు, లేకపోతే చూడనట్టున్నారు. ద్ధ కింద ఒత్తుకు చోటు చాలలేదు, వేలు పళ్ళెం అంచుకు తగిలింది. అప్పుడు అత్త ఏమీ మాట్లాడకుండా వంగి పళ్ళేన్ని ఎడమ పక్కకు జరిపింది.

మూడోది పలక మీద వాడే గీసినాడు. అక్షరం కాదు, ఏదో గీత. బలపం కిందపడి రెండు ముక్కలయింది. ఏడుస్తాడేమో అనుకున్నా, చేతికొక ముక్క పట్టుకున్నాడు.

ప్రసాదానికి మాత్రం ఎడమచెయ్యి చాపినాడు. అత్త ఆ చెయ్యి మడిచి కుడిచెయ్యి ముందుకు లాగి పెట్టింది. అదొక్కటీ వదల్లేదు. నేనూ ఏమీ అనలేదు.

పలకలు తొమ్మిది పంచినాము, మూడు మిగిలినాయి. కొర్లగుంట చుట్టుపక్కల చిన్నబిడ్డలుంటే చెప్పండి, ఇస్తాను.


బాహుదా_ఒడ్డు
జనవరి 25

సంతోషం తల్లీ. ఆ బియ్యం పారేయకండి, పాయసం వండుకోండి.


కొర్లగుంట_కుట్టుమిషన్
జనవరి 25

నిన్ననే వండేసినాం సార్. పసుపు వాసన కొంచెం వచ్చింది.